తిత్తి ఉంది, మనిషి లేడు

కలకత్తా సెయింట్ జాన్స్ చర్చిలో జోహాన్ జొఫానీ 1787లో వేసిన ‘కడరా భోజనం’ తైలవర్ణ చిత్రం ఉంది. జర్మనీలో పుట్టి లండన్‌లో పేరు తెచ్చుకున్న ఈ చిత్రకారుడు 1783లో ఇండియాకొచ్చాడు. దీని గురించి రాసేవాళ్లు ముందుగా చెప్పేది మొహాల ముచ్చటే. యేసుకు గ్రీకు పాద్రీ పార్థెనియో, యోహానుకు పోలీసు మేజిస్ట్రేటు బ్లాకియర్, యూదాకు వేలంపాటలు నడిపే తులో నమూనాలంటారు. కంపెనీ పట్నంలోని పెద్దమనుషుల్ని గుర్తుపట్టడంతోనే విమర్శ ముగిసిపోతోంది.

మేం మొహాల మీంచి చూపు దించమంటున్నాం. బల్ల దగ్గర నీళ్లు నిండిన భిస్తీ తోలుతిత్తి పడి ఉంది. నీళ్ల పాత్రేమో తాంబూలం ఉమ్మే తమ్మపడిగను చూసి వేసింది. గోడ మేకుకు వేలాడే పేతురు కత్తి మామూలు బంట్రోతు కత్తే.

ఇదంతా చిత్రకారుడి చిలిపితనం అంటారు. కావచ్చు. కానీ వస్తువులు వాటంతటవే వచ్చి పడవు గదా! తిత్తి ఉందంటే మేకను ఒలిచిన చెయ్యి, తోలు పదును చేసిన చెయ్యి, నీళ్లు మోసిన నడుము ఉన్నట్టే. భిస్తీలు ఎక్కువగా ముస్లిం పేదలు. వాళ్లను దళితుల ఖాతాలో రాసుకోవాలని కాదు మా వాదన. పనిముట్లకు చోటిచ్చిన బొమ్మ పనివాళ్లకెందుకు ఇవ్వలేదన్నదే మా ప్రశ్న. యూదాకు కూర్చున్నవాడి పేరు నిలిచింది. తిత్తి మోసినవాడి పేరు ఎవరూ రాసిపెట్టలేదు.

యోహాను సువార్త 13వ అధ్యాయంలో అదే రాత్రి యేసు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడుగుతాడు. అది దాసుడి పని. అందుకే పేతురు మొదట ఒప్పుకోడు. పనివాడి చోటులోకి ప్రభువు దిగిన రాత్రి అది. జొఫానీ నీళ్లను ఉంచుకున్నాడు, ఆ తారుమారును వదిలేశాడు.

నీళ్ల దగ్గర ఆగి చూడటం మనకు చరిత్ర నేర్పిన అలవాటు. 1927లో మహద్‌లో అంబేద్కర్ నడిచింది చెరువు నీళ్ల కోసం. 1985లో కారంచేడులో తాము తాగే నీళ్లను మురికి చేయొద్దన్నందుకే మాదిగల మీద దాడి మొదలైంది. నీళ్లు ఎవరు మోస్తారు, ఎవరు తాగుతారు, పాత్ర ఎవరు ముట్టుకోవాలి? పల్లెలోనైనా ప్రభువు బల్ల దగ్గరైనా సమానత్వానికి పరీక్ష ఇదే.

2010లో ఈ చిత్రాన్ని శుభ్రం చేసి బాగుచేశారు. రంగులు తేటపడ్డాయి. ఇక తేటపడాల్సింది చూసేవాళ్ల చూపు. పదమూడు మందిని లెక్కపెట్టి ఆగిపోతే సగం బొమ్మే చూసినట్టు. మిగతా సగం ఆ తిత్తిలో ఉంది.