శశిరేఖలో ఘటోత్కచుడు

పెళ్లి బంతిలో ఎవరైనా మూడో విడత గారెలు వేయించుకుంటే పక్కవాడు 'ఘటోత్కచుడు' అంటాడు. భారతంలో ఆ పేరు యుద్ధం పద్నాలుగో నాటి రాత్రి కర్ణుడి శక్తికి కూలిన వీరుడిది. వ్యాసుడి కథలో బలరాముడి కూతురు శశిరేఖ లేదు, దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడితో ఆమెకు తలపెట్టిన పెళ్లీ లేదు. అది జనం అల్లుకున్న కథ. నాటకాలవాళ్లు ఊరూరా ఆడారు. 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్'తో ఘటోత్కచుడు ప్రతి ఇంటికీ చుట్టమయ్యాడు. దర్శకుడు కె.వి.రెడ్డి. మాటలు, పాటలు బందరులో పెరిగిన పింగళి నాగేంద్రరావువి.

నూజివీడులో పుట్టిన ఎస్.వి.రంగారావును ఈ పాత్రకు ఎంత పొగిడినా తక్కువే. అడవిలో అభిమన్యుడి మీద విరుచుకుపడ్డవాడు, ఎదురుగా ఉన్నది పినతల్లి సుభద్ర అని తెలియగానే ఒదిగిపోతాడు. అంత విగ్రహమూ పిల్లాడిలా మెత్తబడుతుంది. చిన్నపిల్లలు ఆ రాక్షసుణ్ణి చూసి భయపడకపోవడానికి కారణం అదే. విందు పాటలో లడ్డూలు వాటంతటవే ఎగిరొచ్చి నోట్లో పడుతున్నా మన కళ్లు ఆయన ముఖాన్ని వదలవు.

ఇంతకంటే గొప్ప పనితనం ఆయన తెరమీద లేనప్పుడు ఉందని నా నమ్మకం. ఆ పెళ్లి చెడగొట్టడానికి ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చాక బరువంతా శశిరేఖ పాత్ర వేసిన సావిత్రి మీద పడింది. మగవాడు ఆడవేషం కట్టడం కృష్ణాతీరానికి కొత్త కాదు. కూచిపూడి భాగవతులు తరతరాలుగా సత్యభామ జడ వేసుకున్నవాళ్లే. ఇక్కడ ఆ విద్యకు ఇంకో మెలిక పడింది. ఆడపిల్ల రూపంలో దాక్కున్న మగవాణ్ణి, అందులోనూ రాక్షసుణ్ణి, ఒక ఆడమనిషి ఆడి చూపించాలి. నృత్యాలు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తిది కూచిపూడే. సావిత్రి చిన్నప్పుడు నాట్యం నేర్చింది విజయవాడలో. ఆ మెలికను విప్పడానికి తగినవాళ్లే కుదిరారు.

పెళ్లి పాట చూడండి. సిగ్గుపడే పెళ్లికూతురికి సుశీల గొంతు. ఉన్నట్టుండి మధ్యలో ఘంటసాల గొంతు దూరుతుంది. ఆ క్షణంలోనే సావిత్రి భుజాలు విచ్చుకుంటాయి, చూపు బిరుసెక్కుతుంది, మరుక్షణం తమాయించుకుని మళ్లీ కన్నెపిల్ల అయిపోతుంది. కెమెరా మాయ ఏమీ లేదు, ఒంటితో చేసిన పని అంతా. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు పైన ముఖంలో వధువు, కింద పాదంలో భీముడి కొడుకు. లక్ష్మణకుమారుడిగా రేలంగి విలవిల్లాడుతుంటే ఆ పాదం బరువు ఎంతో మనకు తెలుస్తుంది. రంగారావు ముందే ఆ బరువును మన మనసులో నిలిపి ఉంచాడు కాబట్టి సావిత్రి దాన్ని అంత సునాయాసంగా మోసింది. ఒకే పాత్రను ఇద్దరు నటులు ఇలా అతుకు కనిపించకుండా పంచుకోవడం తెలుగు తెరమీద మరోచోట నాకు కనబడలేదు.

ఈసారి ఆ సినిమా పెట్టుకున్నప్పుడు విందు పాటతో లేచిపోకండి. మాయా శశిరేఖ భుజాలను, పాదాలను చివరిదాకా గమనించండి.