మంచం పక్కన మనిషి

మన కథాసాహిత్యంలో రోగులకు కొదవలేదు. దగ్గి దగ్గి కన్నుమూసే భర్త, కాళ్ళదగ్గర కూర్చొని కొంగుతో కళ్ళొత్తుకొనే భార్య మనకు చిరపరిచితులు. కాని డాక్టరుతో మాట్లాడింది ఎవరు, ఆయన చెప్పింది ఏమిటి, అందులో రోగి చెవిన పడింది ఎంత అన్న ప్రశ్నలు మన రచయితలు అరుదుగా వేసుకున్నారు. వారికి సేవ కనిపించింది. సేవలో దాగివున్న అధికారం కనిపించలేదు.

ఈ లోపానికి మూలాలు పాతవి. కాకతీయుల కాలంలో మారన తెలుగుచేసిన మార్కండేయపురాణంలో, మనం సుమతి కథగా చెప్పుకొనే వృత్తాంతం ఉంది. కుష్ఠురోగి అయిన భర్త కోరితే అతణ్ణి భుజాన ఎత్తుకొని వేశ్యయింటికి బయలుదేరిన ఇల్లాలు ఆమె. ముని శాపం వల్ల తెల్లవారితే భర్త చస్తాడని తెలిసి సూర్యోదయాన్నే ఆపేసింది. సూర్యుణ్ణి ఆపగల శక్తి ఇచ్చిన కథ, భర్తతో 'ఇది తగదు' అనగల నోరు మాత్రం ఆమెకు ఇవ్వలేదు. సేవను ఆదర్శం చేసినవారు సేవచేసే మనిషిని మనిషిగా చూడలేదు.

1886లో వెలువడిన టాల్‌స్టాయ్ 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' దీనికి ఎదురుకొస. ఇక్కడ భార్య డాక్టర్లను పిలిపిస్తుంది, మందు వేళకు తాగలేదని నిష్ఠూరమాడుతుంది, జబ్బు భర్త తప్పే అన్నట్టు నడుచుకుంటుంది. చావు దగ్గరపడిందని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఇవాన్‌ను నొప్పికంటె ఈ అబద్ధమే ఎక్కువ బాధిస్తుంది. అబద్ధమాడనివాడు గెరాసిం ఒక్కడే. యజమాని కాళ్ళు భుజాన మోస్తూ రాత్రుళ్ళు కూర్చొనే పల్లెటూరి నౌకరు. మధ్యతరగతి బూటకాన్ని టాల్‌స్టాయ్ ఎండగట్టిన తీరు సాటిలేనిది. అయితే ఆయన భార్యను రోగి మంచంమీద నుంచే చూశాడు. ఆమె ఎందుకు అబద్ధమాడిందో లోపలినుంచి చెప్పే పుస్తకం రావడానికి దాదాపు వందేళ్ళు పట్టింది.

అదే సిమోన్ ద బోవా 1981లో ప్రచురించిన 'వీడ్కోళ్ళ తంతు'. 1929 నుంచి తనకు సహచరుడైన సార్త్ర్ చివరి పదేళ్ళ కథ. వారు పెళ్ళి చేసుకోలేదు. 1973లో చూపు పోయి ఆయన చదవలేని, రాయలేని స్థితికి వచ్చాడు. ఆమె చదివి వినిపించింది. తక్కిన ఆప్తులతో వంతులు వేసుకొని చూసుకుంది. తడిసిన బట్టలు, తడబడే అడుగులు, మతి తప్పిన గడియలు, ఏదీ దాచకుండా రాసింది. మహామనిషిని రచ్చకెక్కించిందని కొందరు నిందించారు. ఈ నింద నిలవదు. శరీరం ఉన్న మనిషికే జబ్బు చేస్తుంది. ఆ మాట రాయడం అపచారమైతే వాస్తవికతే అపచారం కావాలి.

అసలు తగవు మరొకచోట ఉంది. 1980 మార్చిలో సార్త్ర్‌ను ఆస్పత్రిలో చేర్చారు. ఇక ఆశలేదని తెలిసినప్పుడు, ఆ సంగతి ఆయనకు తెలియనివ్వవద్దని ఆమె డాక్టరు దగ్గర మాట తీసుకుంది. నయంకాని జబ్బు వస్తే తనకు తెలియాలని ఆయన ఎప్పుడూ అనేవాడని కూడా ఆమే రాసింది. మనిషి స్వేచ్ఛే తన తత్వమని జీవితమంతా చెప్పిన మనిషికి చివరి విషయంలో స్వేచ్ఛ లేకపోయింది! 1963లో తన తల్లికి కేన్సర్ అని తెలిసినప్పుడూ ఇలాగే దాచింది. మరుసటి ఏడే ఆ కథ పుస్తకంగా రాసింది. తెలిసీ మళ్ళీ అదే దారిన నడిచింది.

పుస్తకమంతటికీ కీలకం ఒక చిన్న సంఘటన. మంచంమీద సార్త్ర్ అంత్యక్రియల ఖర్చులకు ఏం చేస్తామని అడిగాడు. ఆమె కాదుకాదని, మాటను ఆస్పత్రి ఖర్చులమీదికి మళ్ళించింది. అప్పుడే ఆమెకు అర్థమైంది: ఆయనకు తెలుసు, ఆయన చలించలేదు. రోగి తలుపు తెరిచాడు, సహచరి మూసింది. భయం ఆయనది కాదు, ఆమెది. ఈ ఘట్టాన్ని తనమీద తానే సాక్ష్యంగా పెట్టడం బోవా గొప్పతనం. అయినా 'చెప్పి ఉండవలసిందా' అన్న ప్రశ్న వేసి, ఆయన పరిస్థితి ఎటూ తేలనిదని సరిపెట్టుకోవడం మనకు తృప్తినివ్వదు. ఆమెకు బరువైన నిజం ఆయనకు బరువు కాదని ఆమె పుస్తకమే చెబుతోంది గదా!

ఇదంతా పారిస్ మేధావుల ముచ్చట అని తోసిపుచ్చేవారుంటారు. వారు మన సర్కారు ఆస్పత్రి వరండాలోకి రావాలి. మంచం కింద చాప పరుచుకొని పడుకొన్న ఇల్లాలు అక్కడుంది. చీటీ రాయించేదీ, రక్తపు సీసా పట్టుకొని ల్యాబుకు పరుగెత్తేదీ, కాగితంమీద వేలిముద్ర వేసేదీ ఆమే. వంతులు పంచుకొనే మిత్రులు లేరు. జబ్బుపేరు డాక్టరు ఆమెకైనా చెప్పడు, ఆమె మరిదిని పక్కకు పిలుస్తాడు. మొగుడికి చెబితే ఉన్న అరెకరం అమ్మనివ్వడు, వైద్యం వద్దంటాడు. కాబట్టి ఆమె కూడా దాస్తుంది. ఈ అబద్ధం ఇవాన్ భార్య అబద్ధం కాదు, బోవా అబద్ధమూ కాదు. దీన్ని పుట్టించింది లేమి. దీన్ని నీతితో కొలిచే ముందు అరెకరం లెక్క చూడాలి.

అయినా ఒక మాట అనక తప్పదు. ఆ అరెకరం అతనిదీ, ఆ ప్రాణమూ అతనిదే. తెలివిలో ఉన్న రోగి అంగీకారానికి బదులు బంధువు అంగీకారం చెల్లదని 2008లో మన సుప్రీం కోర్టు కూడా చెప్పింది. ప్రేమ గొప్పదే. కాని ప్రేమ మరొకరి నిజాన్ని స్వాధీనం చేసుకోవడానికి పట్టా కాదు.

ఈ వరండాలో కూర్చొన్న మనిషిని సుమతిని చేయకుండా, ఇవాన్ భార్యను చేయకుండా రాయవలసిన కథ ఇంకా ఉంది. డాక్టరును నిలేసి అడిగే ఇల్లాలు, విన్నది పెనిమిటికి చెప్పి 'ఏం చేద్దాం?' అని అతన్నే అడిగే ఇల్లాలు అందులో నాయిక. ఆ రాత్రి వారిద్దరి మధ్య జరిగే సంభాషణను అందుకోగల రచయిత మనకు కావాలి.