ఏమీ మొయ్యని గొట్టం

ప్లంబర్ రాసిచ్చిన సామాన్ల చీటీలో ఏదో ఒకటి కొట్టేయాలనుకున్న ఇంటాయన పెన్ను ముందుగా ఆగేది వెంట్ పైపు దగ్గరే. అందులోంచి నీళ్లు పోవు, మలం పోదు. డాబా దాటి పైకి లేచి, నెత్తిన జాలీ టోపీ పెట్టుకుని ఊరికే నిలబడి ఉంటుంది. ఏ పనీ చెయ్యని దానికి డబ్బెందుకు అనిపించడంలో వింతేమీ లేదు. గృహప్రవేశమైన కొన్నాళ్లకు బాత్రూమ్‌లో కంపు మొదలవుతుంది. ఫినాయిల్ వస్తుంది, కలరా ఉండలు వస్తాయి, గోడకు సువాసన డబ్బా వేలాడుతుంది. కంపు మాత్రం కదలదు.

నేల మీద జాలీ కింద ఉండే నహానీ ట్రాప్, వాష్‌బేసిన్ కింద కనిపించే బాటిల్ ట్రాప్, కమోడ్ లోపలి వంపు, ఇవన్నీ చేసే పని ఒక్కటే. కాసిని నీళ్లు పట్టి ఉంచి, మురుగు పైపులోని గాలిని గదిలోకి రాకుండా ఆపుతాయి. ఆ నీటి లోతు మామూలుగా 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు. లక్షలు పోసి కట్టిన ఇంటికీ, వీధి కింద పారే మురుగుకూ మధ్య ఉన్న అడ్డు అంతే! లండన్‌లో గడియారాలు చేసుకునే అలెగ్జాండర్ కమింగ్ 1775లో కమోడ్ కింది గొట్టాన్ని ఎస్ అక్షరంలా వంచి పేటెంటు పుచ్చుకున్నాడు. ఇవాళ్టికీ ప్రతి ఇంట్లో నడుస్తున్నది ఆ ఉపాయమే.

అయితే ఆ రెండంగుళాల నీళ్లు అక్కడే నిలవాలంటే పైపులో గాలి ఒత్తిడి సమంగా ఉండాలి. పై అంతస్తులో ఫ్లష్ నొక్కగానే నిలువు పైపులో జారే నీళ్లు తమ వెనకాల గాలిని లాగుతాయి. మంచినీళ్ల క్యాన్ బోర్లిస్తే గుడగుడమనేదీ ఇందుకే: లోపలి నీళ్లు బయటికి రావాలంటే బయటి గాలి లోపలికి వెళ్లాలి. వెంట్ ఉంటే ఆ గాలి డాబా మీదినుంచి వస్తుంది. లేకపోతే దగ్గర్లో ఉన్న ట్రాప్‌లోంచే వస్తుంది, వస్తూ అందులోని నీళ్లను లాక్కుపోతుంది. కింది అంతస్తుల్లో కథ తిరగబడుతుంది. పడుతున్న నీళ్లు కిందున్న గాలిని నొక్కుతాయి, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల నహానీ ట్రాప్ బుడగలు కక్కుతుంది. ఎవరింటి వాషింగ్ మెషీన్ నురగో వాళ్ల బాత్రూమ్‌లో తేలుతుంది. అందుకే పని తెలిసిన ప్లంబర్లు గ్రౌండ్ ఫ్లోర్ లైన్‌ను పైవాళ్ల నిలువు పైపులో కలపరు. విడిగా ఛాంబర్‌కు తీసుకెళతారు.

కంపే కదా, ముక్కు మూసుకుంటే పోతుందనుకునేవాళ్లకు హాంగ్‌కాంగ్ సంగతి చెప్పాలి. 2003 మార్చిలో అక్కడి అమోయ్ గార్డెన్స్ అనే బహుళ అంతస్తుల సముదాయానికి సార్స్ సోకిన మనిషి ఒకరు బంధువుల ఇంటికి వచ్చారు. విరేచనాలవుతుంటే ఆ ఇంటి టాయిలెట్ వాడారు. ఏప్రిల్ 15 నాటికి ఆ సముదాయంలో 321 మంది జబ్బుపడ్డారు, అందరికంటే ఎక్కువగా ఆ ఇంటి బ్లాకు వాళ్లు. దర్యాప్తు చేసినవాళ్లు బాత్రూముల్లోకి వెళ్లి చూస్తే, నేల కడగడం మానేసి తుడిచి సరిపెడుతుండటంతో ట్రాపులు చాలాచోట్ల ఎండిపోయి ఉన్నాయి. తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే, అది మురుగు పైపులోని తుంపరలను ఎండిన ట్రాప్ గుండా గదిలోకి లాగిందని తేల్చారు. నాలుగో అంతస్తు దగ్గర వెంట్ పైపుకు పగులు కూడా కనబడింది. వారానికోసారి ప్రతి ట్రాప్‌లో అర లీటరు నీళ్లు పొయ్యండని అక్కడి ఆరోగ్య శాఖ జనానికి చెబుతూ వస్తోంది.

మన దగ్గర ఈ సలహా ముందుగా అందాల్సింది తాళం వేసిన ఫ్లాట్ల యజమానులకు. అమెరికా నుంచి డిసెంబరు సెలవులకు వచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తలుపు తీయగానే గుప్పుమనే కంపుకు కారణం చాలాసార్లు చచ్చిన ఎలుక కాదు, ఎండిన ట్రాపే. చెంబెడు నీళ్లు పోస్తే సరిపోతుంది. మళ్లీ తాళం వేసి వెళ్లేముందు ఆ నీళ్ల మీద రెండు చెంచాల నూనె వేస్తే ఆవిరి కావడం నెమ్మదిస్తుంది.

రోజూ వాడే బాత్రూమ్‌లో కంపయితే పరీక్ష వేరు. టార్చి లైటు పట్టుకుని జాలీ ఎత్తండి. ఇంకొకరిని కమోడ్ ఫ్లష్ చెయ్యమనండి. ట్రాప్‌లో నీటిమట్టం ఉలిక్కిపడి కిందికి జారితే తప్పు గాలిది. వెంట్ లేదో, దాని నోట్లో పక్షి గూడు కట్టిందో చూడాలి. నీళ్లు కదలకపోతే అనుమానం వాష్‌బేసిన్ మీదికి పోవాలి. మన ఇళ్లలో సగం కంపు అక్కడిదేనని ఈ కాలమిస్టు నమ్మకం. ట్రాప్ పెట్టకుండా ముడతల పైపొకటి బిగించి, కొసను నేల కన్నంలోకి వదిలేస్తారు. దాని చుట్టూ ఉన్న సందులోంచే బొద్దింకలూ వస్తాయి. బాటిల్ ట్రాప్ బిగించి, ఆ సందుకు రబ్బరు రింగు వేయిస్తే ఒక పూట పని. పడకగదిలో ఏసీ వేసినప్పుడే కంపు వస్తోందా? ఏసీ నీళ్ల గొట్టాన్ని ఎవరో తిన్నగా డ్రైనేజీ పైపులో కలిపి ఉంటారు.

టైల్సు పడ్డాక వెంట్ పెట్టడం కష్టమే. గాలిని లోపలికి మాత్రమే రానిచ్చి బయటికి వదలని చిన్న వాల్వులున్నాయి. 1970లలో స్వీడన్‌లో పుట్టిన ఈ సరుకు ఇప్పుడు ఇక్కడా దొరుకుతోంది. అది ట్రాప్ నీళ్లు లాక్కుపోకుండా కాపాడుతుంది గానీ, గ్రౌండ్ ఫ్లోర్ బుడగలకు మందు కాదు. మొత్తం భవనానికి కనీసం ఒక్క పైపైనా డాబా మీద నోరు తెరుచుకుని ఉండాల్సిందే.

పైపుల మీద అక్షరాలూ చూడాలి. మురుగు పైపుల భారతీయ ప్రమాణం ఐఎస్ 13592లో రెండు రకాలున్నాయి. ఎ రకం గాలికీ వాననీటికీ, బి రకం మలానికీ మురుగునీటికీ. 110 మిల్లీమీటర్ల పైపులో ఎ రకం గోడ మందం కనీసం 2.2 మిల్లీమీటర్లు, బి రకానిది 3.2. గోడలో కప్పెట్టేశాక రెంటికీ తేడా ఎవరికీ తెలియదు, బిల్లు కట్టినవాడికి తప్ప.

వాటం సంగతి మేస్త్రులకు చెప్పనక్కర్లేదు, అడుగుకు పావు అంగుళమని నోటికే చెబుతారు. బాత్రూమ్ నేల కోసం దించి పోసే సంకెన్ స్లాబులో రబ్బిష్ నింపేటప్పుడు పైపు కింద ఆసరా లేక అది కుంగిపోతేనే చిక్కు. అడ్డంగా పోయే లైన్లో వై ఆకారపు జాయింటు పెట్టాల్సిన చోట టీ ఆకారపుది పెట్టడం, మలుపు దగ్గర తెరిచి శుభ్రం చేసే మూతున్న డోర్ బెండు పెట్టి ఆ డోరును టైలు వెనక దాచేయడం, ఇవి రెండూ ఎంత చెప్పినా ఆగని అలవాట్లు. దాచేసిన డోరు పనికొచ్చేది గోడ పగలగొట్టినప్పుడే.

అమెరికాలో చాలా రాష్ట్రాలు పాటించే ప్లంబింగ్ కోడ్ ప్రకారం, గోడలు మూయకముందే డ్రైనేజీ లైన్లలో పదడుగుల ఎత్తు నీళ్లు నింపి 15 నిమిషాలు ఉంచుతారు. చుక్క కారకపోతేనే తర్వాతి పని. ఇక్కడ అలా అడిగేవాడు లేడు కాబట్టి ఇల్లు కట్టించుకునేవాళ్లే అడగాలి. టైల్సు వేసేవాళ్లు రాకముందు పైపు కొసలు మూయించి నీళ్లు నింపించండి. సంకెన్ స్లాబులో ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి కింది కప్పు చూడండి. ప్రతి బెండు, ప్రతి జాయింటు టేపు పెట్టి కొలిచి ఫొటో తీసి, ఆ ఫొటోలు ఇంటి పత్రాలతో కలిపి దాచండి. చీటీలో వెంట్ పైపు కొట్టేసి ఉంటే మళ్లీ రాయించండి.