అరకు వర్ణనల్లో నడిచేది ఎవరు?

అరకు మీద తెలుగులో వచ్చిన యాత్రా వ్యాసాలు ఒక పది చదివితే పదకొండోది మనమే రాసేయొచ్చు. పొద్దున్నే విశాఖలో కిరండూల్ పాసింజరు ఎక్కడం, సొరంగాల్లో పిల్లల కేకలు, బొర్రా గుహలు, గాలికొండ దగ్గర మంచు, బొంగులో చికెన్, సాయంత్రం థింసా. మధ్యలో 'పచ్చని తివాచీ' తప్పకుండా ఉంటుంది. వీటిలో అబద్ధమేమీ లేదు. కిటికీలోంచి లోయ నిజంగానే అందంగా కనిపిస్తుంది. నా అభ్యంతరం వేరు. ఈ వ్యాసాల్లో ప్రయాణం చేసేది రచయిత ఒక్కడే. ఆదివాసీ ఎప్పుడూ కదలడు. గుట్ట మీద చెట్టు ఎలాగో, గుడిసె ముందు ముసలమ్మా అలాగే.

కదలని మనుషులా మనం! మన్యంలో సగం బతుకు దారిలోనే గడుస్తుంది. సంతకు, రేషను సరుకులకు, పిల్లల్ని హాస్టల్లో దింపడానికి, ఆధార్ సరిచేయించుకోవడానికి, కాఫీ గింజలు అమ్ముకోవడానికి నడుస్తూనే ఉంటాం. తారురోడ్డు దగ్గర జీపు దొరికితే లోపల ఎంతమందో పైనా అంతమంది. దిగువ నుంచి రోజూ ఘాట్ ఎక్కి వచ్చి సాయంత్రం బస్సుకు దిగిపోయే మాస్టార్లున్నారు. చివరి పీరియడ్ జరుగుతుందో లేదో ఆ బస్సే తేలుస్తుంది. (మాస్టార్లు కోప్పడకండి, మీ కష్టం కూడా ఎవరూ రాయలేదు.)

ఆ రైలు సంగతే చూడండి. కొత్తవలస–కిరండూల్ లైను 1960లలో వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి వేసిన దారి అది. 2017లో దానిమీద అద్దాల పెట్టె వచ్చింది, లోయ చూసేవాళ్ల కోసం. అదే లైను మీద జనరల్ పెట్టెలో బుట్టలతో, జ్వరంతో, పసిపిల్లలతో వెళ్లేవాళ్ల గురించి రాసిన యాత్రా వ్యాసం నాకింకా కనపడలేదు.

వలిసె పూల విషయం ఇంకా విచిత్రం. చలికాలం మొదట్లో చేలన్నీ పసుపుగా విరగబూస్తాయి. వ్యాసకర్తకు అది ప్రకృతి పరిచిన రంగు. అది ఎవరో దున్ని, విత్తి పెంచిన నూనెగింజల పంట అని ఒక్క వాక్యమైనా ఉండదు. ఫొటోల కోసం చేలో దిగి తొక్కేస్తుంటే, కొందరు రైతులు ఇంతని డబ్బు తీసుకోవడం మొదలుపెట్టారు. 'ఇక్కడా వ్యాపారమేనా' అని వ్యాసకర్త నొచ్చుకుంటాడు. దృశ్యం మాట్లాడేసరికి ఆయనకు కష్టమనిపించింది.

ఇక మనవాళ్ల రాతలు. మైదానం రచయిత అందం పట్టుకుపోతే మనం కష్టాన్ని పట్టుకున్నాం. మన కవితల్లో దారి అంటే డోలీయే. గర్భిణిని కర్రకు కట్టిన దుప్పట్లో మోసుకెళ్లడం నిజం, రాయకుండా ఉండలేం. కానీ చాలా డోలీ కవితలు పేపర్లో ఫొటో చూసి రాసినట్టుంటాయి. ఆ దారికి పేరుండదు. ఎన్ని గెడ్డలు దాటాలో, ఏ ఎక్కుడు దగ్గర భుజం మార్చుకుంటారో, చీకట్లో ముందు నడిచేదెవరో తెలియదు. అలాంటి కవిత ఏ కొండకైనా అతుకుతుంది, అంటే ఏ కొండదీ కాదు. పైగా అదే దారిలో మామూలు రోజున అడ్డాకులు కోసుకుంటూ, నవ్వుకుంటూ ఆడవాళ్లు వెళ్తారు. ఏ మలుపులో చల్లగాలి తగులుతుందో, ఏ చింతచెట్టు కింద బరువు దించుకోవాలో వాళ్లకు తెలుసు. కొండ అందం కాళ్లకు తెలిసేది అలాగే. అది మన రాతల్లోకి ఎందుకు రాదు? అందం రాస్తే కష్టం తక్కువైపోతుందని మనవాళ్లు భయపడుతున్నట్టుంది. నాకైతే ఆ భయానికి కారణం కనపడదు. తను ఎరిగిన దారిని ప్రేమించేవాడే అక్కడ వంతెన ఎందుకు లేదని గట్టిగా అడుగుతాడు.

బడిలో పిల్లలకు 'నా విహారయాత్ర' అని వ్యాసమిస్తే విశాఖ బీచ్ గురించి గైడులో ఉన్నదే దింపేస్తారు. 'మా ఇంటి నుంచి బడికి దారి' అని ఇచ్చి చూడండి. గెడ్డ పేరు, గుట్ట పేరు ఇంట్లో పలికినట్టే రాయమనండి, కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో. ఏ నెలలో నీళ్లు మోకాలు దాటుతాయో, అప్పుడు పుస్తకాల సంచి ఎవరి నెత్తికెక్కుతుందో, తొలకరికి పుట్టగొడుగులు ఎక్కడ లేస్తాయో వాళ్లే చెబుతారు. అక్షరదోషాలు తర్వాత దిద్దుకోవచ్చు. అలాంటివి ఒక ఇరవై వస్తే, వచ్చే పుస్తకంలో నా వ్యాసం బదులు వాటినే వేసుకుందాం.