ద్రవ త్వచంతో కైరల్ అమైనో ఆమ్లాల వేర్పాటు: విమర్శనాత్మక పరిశీలన

ఒక అమైనో ఆమ్లపు ఎల్, డి ఎనాన్షియోమర్‌లకు ద్రవీభవన స్థానం ఒకటే, నీటిలో ద్రావణీయత ఒకటే. కాబట్టి ఈ ధర్మాల తేడా మీద ఆధారపడే మామూలు పద్ధతులు ఇక్కడ పనిచేయవు. ద్రవ త్వచ పద్ధతిలో రెండు జలద్రావణాల నడుమ క్లోరోఫారం వంటి, నీటితో కలవని ద్రావణి ఉంటుంది. అందులో కరిగిన కైరల్ వాహకం ఎనాన్షియోమర్‌ను ఒకవైపు పట్టుకొని రెండోవైపు వదులుతుంది.

"వాహకం ఒక ఎనాన్షియోమర్‌నే దాటిస్తుంది, రెండోదాన్ని ఆపుతుంది" అని విద్యార్థులు తరచుగా రాస్తారు. ఇది సరికాదు. వాహకం రెండింటినీ దాటిస్తుంది. ఒకదాన్ని వేగంగా, మరొకదాన్ని నెమ్మదిగా. ఇరువైపులా ఉన్న జలద్రావణాలలో కైరల్ మాధ్యమం ఏదీ లేదు. అందువల్ల చాలాసేపు వదిలేస్తే సమతాస్థితిలో రెండువైపులా ఎల్, డి నిష్పత్తి 1:1 అవుతుంది. అంటే వేర్పాటు మిగలదు. ఈ పద్ధతికి ఆధారం వేగాలలోని తేడాయే.

ఈ చిక్కుకు డొనాల్డ్ క్రామ్ బృందం 1970లలో మంచి పరిష్కారం చూపింది. డబ్ల్యు ఆకారపు గాజు గొట్టం మధ్య భాగంలో ఫినైల్‌గ్లైసిన్ మిథైల్ ఎస్టర్ లవణపు రెసిమిక్ ద్రావణాన్ని ఉంచారు. దానికి ఒకవైపు క్లోరోఫారంలో ఒక కైరల్ క్రౌన్ ఈథర్, మరోవైపు క్లోరోఫారంలో దాని ప్రతిబింబ రూపం ఉన్నాయి. ఒక ఎనాన్షియోమర్ ఎడమకు, రెండోది కుడికి తరలిపోవడం వల్ల మధ్య ద్రావణం ఒకే రూపంతో నిండిపోదు. అక్కడ తాజా రెసిమిక్ లవణాన్ని చేరుస్తూ పోవచ్చు. చివరి భుజాలలో ఎనాన్షియోమర్ ఆధిక్యత 86 నుంచి 90 శాతం వచ్చింది.

అయితే ఈ విజయాన్ని జాగ్రత్తగా తూచాలి. మొదటిది, 90 శాతం ఆధిక్యత అంటే 95:5 మిశ్రమమే. ఔషధ తయారీకి మరింత శుద్ధి కావాలి. రెండోది, ఇక్కడ దాటింది ఎస్టర్ లవణం. జ్విట్టర్ అయాన్ రూపంలో ఉండే స్వేచ్ఛా అమైనో ఆమ్లం క్లోరోఫారంలోకి సులభంగా పోదు. మూడోది, మందమైన ద్రవ త్వచంలో రవాణా నెమ్మది. సన్నని రంధ్రాల పొరలో ద్రావణిని నింపితే వేగం పెరుగుతుంది కాని, ఖరీదైన వాహకం క్రమంగా నీటిలోకి కారిపోతుంది.

జపాన్‌లో తనాబే సంస్థ 1969లోనే స్థిరీకరించిన అమైనోఎసిలేజ్ ఎంజైమ్‌తో ఎల్-అమైనో ఆమ్లాలను పారిశ్రామికంగా తయారుచేసింది. మిగిలిన డి-రూపాన్ని రెసిమీకరించి మళ్లీ వాడుకొంది. ఆ స్థాయితో పోలిస్తే క్రామ్ గొట్టం పరిశ్రమ యంత్రం కాదు. అణువుల గుర్తింపును కళ్లకు కట్టే ప్రయోగం. దాని విలువ అక్కడే ఉంది.

ఏ వేర్పాటు ఫలితం చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎంత శుద్ధత? ఎంత పరిమాణం? ఎంత సమయం తరువాత కొలిచారు? మూడోదానికి జవాబు లేకపోతే మొదటి సంఖ్యను నమ్మవద్దు.