వేగం ఒక్కటే సాక్ష్యమా? – పార్శ్వపునొప్పి తరంగాల కంప్యూటర్ నమూనాలపై విమర్శనాత్మక పరిశీలన

పార్శ్వపునొప్పిగా తెలుగువారు ఎరిగిన మైగ్రేన్‌లో కొందరికి తలనొప్పి రాకముందే చూపులో మెరిసే వంకరగీత ఒకటి కనిపిస్తుంది. అది చూపు మధ్యభాగం దగ్గర చిన్నదిగా మొదలై, అరగంటలోపే అంచులవైపు జరుగుతూ, వెనుక ఒక గుడ్డిమచ్చను మిగులుస్తుంది. వైద్యులు దీనిని ‘ఆరా’ అంటారు. అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ తనకు వచ్చిన ఆరానే దశలవారీగా బొమ్మలు గీసుకుని, దృశ్యవల్కలం మీద దాని కదలిక నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్లని 1941లో అంచనా కట్టారు. 1944లో బ్రెజిల్ శాస్త్రవేత్త లియావ్ హార్వర్డ్‌లో కుందేళ్ల మెదడును పరిశీలిస్తూ, విద్యుత్ చర్య అణగారిపోయే స్థితి ఒకటి దాదాపు అదే వేగంతో పాకడం గమనించి, దానికి ‘స్ప్రెడింగ్ డిప్రెషన్’ అని పేరు పెట్టారు. ఈ రెండు వేగాల పోలికే తరువాతి నమూనాలన్నిటికీ పునాది. వాటిలోని లోపం కూడా అక్కడే ఉంది.

1956లో బెర్నిస్ గ్రాఫ్‌స్టీన్ చేసిన ప్రతిపాదన సరళమైనది. ఉద్రేకించిన నాడీకణం పొటాషియంను బయటకు వదులుతుంది. బయట పేరుకున్న పొటాషియం పక్క కణాన్ని ఉద్రేకపరుస్తుంది. ఎండుగడ్డిలో నిప్పు పాకే తీరు ఇదే. దీనిని గణితరూపంలోకి తేవడానికి అలన్ హాడ్జ్‌కిన్ తోడ్పడ్డారు. అయితే ఆ తొలి సమీకరణంలో తరంగం దాటిపోయాక కణజాలం మామూలు స్థితికి రాదు. గడ్డి కాలుతుంది గాని మళ్లీ మొలవదు. 1978లో టక్‌వెల్, మియురాలు కాల్షియం వంటి ఇతర అయాన్లనూ, నాడీ ప్రసారకాలనూ, అయాన్లను తిరిగి లోపలికి తోడే పంపులనూ చేర్చి ఈ కొరతను తీర్చారు.

ఇటువంటి సమీకరణాలలో తరంగవేగం రెండు అంశాలపై ఆధారపడుతుంది: పదార్థం పక్కకు విసరణ చెందే రేటు, స్థానిక చర్య సాగే రేటు. వేగం స్థూలంగా ఈ రెండింటి లబ్ధపు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. మొదటిది కొలతకు అందుతుంది. రెండవదానిలో నమూనాకర్తకు వెసులుబాటు ఎక్కువ. దానిని తగినట్లు ఎంచుకుంటే నిమిషానికి 3 మిల్లీమీటర్లు రాబట్టడం కష్టమేమీ కాదు. 2001లో బ్రూస్ షపీరో ప్రకటించిన నమూనాయే ఇందుకు నిదర్శనం. అందులో పొటాషియం ప్రధానంగా కణాల మధ్య ఖాళీలలో గాక, కణాలను కలిపే గ్యాప్ జంక్షన్ల గుండా సాగుతుంది. కణాలు ఉబ్బకపోతే తరంగమే పుట్టదు. టక్‌వెల్, మియురాల ఊహకు ఇది పూర్తిగా భిన్నమైనది. అయినా వేగం సరిపోతుంది. అందులో లభించే వేగాలు నిమిషానికి సుమారు 2 నుండి 18 మిల్లీమీటర్ల వరకు విస్తరించి ఉన్నాయి. ఇంత వెడల్పైన వలలో పడని కొలత అరుదు. పరస్పరం పొసగని రెండు యంత్రాంగాలు ఒకే పరీక్షలో నెగ్గినపుడు ఆ పరీక్ష వాటి మధ్య తీర్పు చెప్పలేదు.

వేగం బొత్తిగా నిరుపయోగమని దీని అర్థం కాదు. వంశపారంపర్య మైగ్రేన్‌కు కారణమైన కాల్షియం మార్గపు జన్యుమార్పును ఎలుకలలో ప్రవేశపెట్టినపుడు తరంగం సులభంగా పుట్టి, మరింత వేగంగా పాకిందని 2004లో తేలింది. ఒకే కణజాలంలో ఒక అంశాన్ని మార్చి పోల్చేటప్పుడు వేగం మంచి సాక్షి. విడిగా నిలబెడితే మాత్రం బలహీన సాక్షి.

ఇంతకన్న గట్టి పరీక్ష ఆకారం. 1996లో రెజియా, మాంట్‌గమరీలు పొటాషియం తరంగాన్ని వల్కలపు నాడీవలయంతో జోడించగా, తరంగపు అంచున చెదురుమదురు గీతలు ఏర్పడ్డాయి. రోగులు చెప్పే కోటగోడ వంటి వంకరగీతలకు అవి దగ్గరగా ఉన్నాయి. ఈ ఫలితానికి రావలసినంత గుర్తింపు రాలేదనే చెప్పాలి. 2009లో మార్కస్ డాలెం, నూషిన్ హజీఖానీలు వేరొక ప్రశ్న వేశారు: తరంగం ఎక్కడ ఆగుతుంది? పాఠ్యపుస్తకాల బొమ్మలలో అది అర్ధగోళమంతా కార్చిచ్చులా కమ్ముకుంటుంది. రోగుల అనుభవమూ మెదడు చిత్రాలూ మాత్రం సన్నని పాయలా కొంతదూరం సాగి సమసిపోయే తరంగాన్నే సూచిస్తున్నాయి. ఇటువంటి తరంగాన్ని సమీకరణంలో నిలిపి ఉంచడానికి డాలెం తదుపరి నమూనాలలో మొత్తం వల్కలంపై పనిచేసే ఒక నిరోధక పదాన్ని చేర్చారు. ప్రశ్న సరైనదే. కాని ఆ పదం మెదడులోని ఏ ప్రక్రియకు ప్రతినిధి అన్నది సమీకరణం చెప్పదు. ఆగడాన్ని వివరించవలసిన చోట ఆగడాన్నే ముందుగా ప్రవేశపెట్టడం జరిగిందన్న ఆక్షేపణకు ఇక్కడ తావుంది.

ఈ చర్చ గణితజ్ఞులకే పరిమితం కాదు. తరంగాన్ని అణచే ఉద్దేశంతో, గ్యాప్ జంక్షన్లపై పనిచేసే టోనాబెర్సాట్ అనే మందును డెన్మార్క్‌లో ఆరా గల రోగులపై పరీక్షించారు. 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆరాలు తగ్గాయి. తలనొప్పి ఉన్న రోజుల సంఖ్యలో మాత్రం చెప్పుకోదగిన తేడా లేదు. పైగా మైగ్రేన్ రోగులలో అధికులకు ఆరా రానే రాదు. తరంగం మెదడు పొరలలోని నొప్పినాడులను మేల్కొలపగలదని 2002లో జంతుప్రయోగాలు చూపాయి. అయినా ఇక్కడ పరిశీలించిన నమూనాలలో దేనిలోనూ ఆ నాడులకు చోటు లేదు. వాటి సమీకరణాలు వల్కలపు అంచు దగ్గరే ముగుస్తాయి.