అప్పు తీర్చడం ఎవరి ధర్మం?

నీతి ప్రకృతిలో పుట్టిందా, మతం చెప్పిందా, మనుషులు పెట్టుకున్న కట్టుబాటా అని అడిగితే మన విమర్శకులు చప్పున ‘వర్గనీతి’ అనేసి ఊరుకుంటారు. కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ (1964) ఆ ఒక్క మాటకు లొంగే కథ కాదు.

అప్పల్రాముడు అప్పుపడ్డ మాట నిజం. ఇచ్చిన గోపన్నా చితికినవాడే. తీర్పు చెప్పే శ్రీరాములునాయుడు దుర్మార్గుడిగా కనిపించడు, ధర్మమే మాట్లాడతాడు. భూమి అమ్మి తీర్చడానికి అప్పల్రాముడు తలవంచుతాడు. కొడుకు సీతారాముడు వంచడు. తన బిడ్డ బానిస కాకూడదని చంపేస్తాడు. అప్పు న్యాయమే అనుకున్న పాఠకుడు సైతం అక్కడ ఉలిక్కిపడతాడు. ఆ ఉలికిపాటు ఏ శాస్త్రం నేర్పింది?

(2018 తిత్లీ తుపానులో కొబ్బరి, జీడి తోటలు కూలిపోవడం చూసిన మా ఉద్దానం పిల్లలకు ఈ కథ చదివి వినిపిస్తే, “చెట్టే లేనప్పుడు చెట్టుమీద తెచ్చిన అప్పెలా తీరుతుంది మాస్టారూ?” అన్నారు.)

అంతా కట్టుబాటే అయితే, ఒక కట్టుబాటును అన్యాయమనడానికి మనకున్న ఆధారమేమిటి? మందసను చూడండి. జమీందారీ అడవిలో కట్టెలు కొట్టుకోవడం చట్టానికి దొంగతనం, రైతుకు తాతలనాటి హక్కు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. ఏప్రిల్ 1న పోలీసు కాల్పుల్లో గున్నమ్మ ప్రాణం పోయింది. అక్కడ తలపడినవి రెండు కట్టుబాట్లు. రైతుల కట్టుబాటు పొయ్యి వెలగాలన్న అవసరంలోంచి వచ్చింది. ఆ అవసరాన్ని ప్రకృతిధర్మం అనడానికి నేను వెనకాడను.

మందసలో ఆ ధర్మానికి జనం తోడున్నారు. సీతారాముడితో కలిసి నిలిచేవారు కథలో నాకు కనబడరు. ‘యజ్ఞం’లో నాకు వెలితిగా తోచేది ముగింపులోని హింస కాదు, ఇది.